తల్లికి హెచ్‌ఐవి ఉంటే బిడ్డకు టీకాలు వేయించవచ్చా?



పుట్టిన ప్రతి బిడ్డకూ టీకాలు వేయించాలి. ఈ మాట మనం రాత్రి బడిలో చదివాం. అంగన్‌వాడీలో విన్నాం. నర్సమ్మ నోట ఎన్నోసార్లు విన్నాం. బుధవారం, శనివారం వచ్చిందంటే మన ములకలపల్లి మండలంలో తల్లులు బిడ్డలను చంకనేసుకుని సబ్‌సెంటరుకు పోతున్నారు.

కానీ ఒక తల్లి మాత్రం గడప దాటదు. ఆమెకు హెచ్‌ఐవి ఉంది. కడుపుతో ఉన్నప్పుడు రక్తపరీక్ష చేస్తే బయటపడింది. ఆమెకు రెండు భయాలు. "నా బిడ్డ అసలే బలహీనం. ఇన్ని సూదులు తట్టుకుంటాడా?" ఇది మొదటిది. "కార్డు చూసి ఎవరన్నా నా సంగతి కనిపెడితే?" ఇది రెండోది. అలాంటి తల్లి ఏ ఊళ్లోనైనా ఉండవచ్చు. ఎవరా అని వెతకవద్దు. ఈ పాఠం ఆమె కోసం. ఆమె పక్కింట్లో ఉండే మన కోసం కూడా.

జవాబు ముందే చెప్పేస్తాను. టీకాలు వేయించాలి. అన్నీ వేయించాలి. ముఖ్యంగా వేళ తప్పకుండా వేయించాలి. మామూలు బిడ్డకంటే ఆ బిడ్డకే టీకా అవసరం ఎక్కువ. రెండు టీకాల విషయంలో మాత్రం డాక్టరును అడగాల్సిన సందర్భం ఒకటి ఉంది. అదేమిటో, ఎందుకో చూద్దాం.

తల్లికి ఉంటే బిడ్డకు ఉన్నట్టేనా?

కాదు. ఈ మాట గట్టిగా పట్టుకోండి.

తల్లి ఏ మందూ వాడకపోతే, అలాంటి వంద మంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి హెచ్‌ఐవి సోకుతుంది. కొందరికి కడుపులో ఉన్నప్పుడు, కొందరికి కాన్పు సమయంలో, కొందరికి పాల ద్వారా వస్తుంది. అంటే మందు లేకపోయినా సగానికి పైగా బిడ్డలకు సోకదు. తల్లి రోజూ మందు వేసుకుంటే, పుట్టిన బిడ్డకు కూడా మందు పోస్తే, వందలో ఐదుగురికంటే తక్కువ మందికే సోకుతుంది. మొదటి నుంచీ సక్రమంగా వాడితే ఇద్దరికంటే తక్కువ.

మన దేశంలో హెచ్‌ఐవి మొదట 1986లో చెన్నైలో బయటపడింది. ఆ తర్వాత చాలా ఏళ్లు పేదవాళ్లకు మందు అందలేదు. దేశంలో ఈ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2014 నుంచి హెచ్‌ఐవి ఉన్న ప్రతి గర్భిణికీ, ప్రతి బాలింతకూ జీవితాంతం మందు ఇస్తున్నారు. ఈ మందులనే ఎఆర్‌టి మందులు అంటారు. బిడ్డకు పుట్టగానే మందు పొయ్యడం మొదలుపెడతారు. 6 వారాలు పోస్తారు. కొందరు బిడ్డలకు 12 వారాలు పొయ్యమంటారు.

కాబట్టి ఆ తల్లి ఒడిలో ఉన్న బిడ్డ హెచ్‌ఐవి రోగి కాదు. హెచ్‌ఐవి పక్క నుంచి వచ్చిన బిడ్డ. చాలామంది బిడ్డలు దాన్ని తప్పించుకునే వస్తారు.

చేను కావలి

టీకా ఒంట్లో ఏం చేస్తుంది? మన పోడు చేను సంగతితో చెప్పుకుందాం.

జొన్న కంకి వేసినప్పుడు అడవి పందులు వస్తాయి. మనం కావలి పెడతాం. మంచె మీద ఒకరు కూర్చుంటారు. పంది అలికిడి వినగానే కేక వేస్తారు. కింద ఉన్నవాళ్లు కర్రలు పట్టుకుని ఉరుకుతారు. మన రక్తంలో కూడా ఇలాంటి కావలివాళ్లు ఉన్నారు. అవి తెల్ల కణాలు. జబ్బు క్రిములు అడవి పందులు.

పసిబిడ్డ ఒంట్లో కావలివాళ్లు ఉంటారు. కానీ వాళ్లు కొత్తవాళ్లు. ఏది పందో, ఏది మేకో తెలియదు. పంది వచ్చి చేను సగం తొక్కాక గానీ గుర్తుపట్టరు. టీకా అంటే పందిని ముందుగానే చూపించడం. కొన్ని టీకాల్లో చచ్చిన పంది తోలు మాత్రమే చూపిస్తారు. కొన్ని టీకాల్లో కోరలు పీకేసిన బతికున్న పందిని చూపిస్తారు. అది చేను పాడు చెయ్యలేదు. కావలివాళ్లు దాన్ని చూసి నేర్చుకుంటారు. రేపు అసలు పంది వస్తే కంచె దగ్గరే ఆపుతారు.

మరి టీకా వేసేలోపు బిడ్డను ఎవరు కాస్తారు? తల్లి కాస్తుంది. కడుపులో ఉన్నప్పుడే తల్లి తన కావలివాళ్లను కొందరిని బిడ్డకు పంపుతుంది. పుట్టింటి నుంచి సాయానికి వచ్చిన మనుషుల్లాగా వాళ్లు కొన్ని నెలలు ఉంటారు. తర్వాత వెళ్లిపోతారు. అందుకే మొదటి నెలల్లో చాలామంది పిల్లలకు తట్టు రాదు.

ఇప్పుడు హెచ్‌ఐవి సంగతి. అది చేసే పాడు పని ఒకటే. మంచె మీద కూర్చుని కేక వేసే మనిషినే చంపుతుంది. కేక వినబడకపోతే కింద కర్రలు పట్టుకున్నవాళ్లు ఉన్నా లాభం లేదు. ఒకరొకరుగా మిగతా పందులన్నీ చేలో పడతాయి. హెచ్‌ఐవి ఉన్నవాళ్లకు టీబీ, నిమ్ము, విరేచనాలు పట్టుకోవడం ఇందుకే. ఎఆర్‌టి మందు వేసుకుంటే మంచె మీద మనిషి మళ్లీ వస్తాడు.

తల్లికి హెచ్‌ఐవి ఉంటే ఆమె బిడ్డకు పంపే కావలివాళ్లు తక్కువ. బిడ్డకు హెచ్‌ఐవి సోకకపోయినా సరే, పుట్టింటి సాయం తక్కువగా వస్తుంది. ఇది ఊహ కాదు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ పక్కన ఖాయలిషా అనే పేదల బస్తీ ఉంది. అక్కడి తల్లులను, పిల్లలను డాక్టర్లు పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. హెచ్‌ఐవి ఉన్న తల్లులకు పుట్టిన, హెచ్‌ఐవి సోకని బిడ్డలను చూశారు. పుట్టినప్పుడు ఆ బిడ్డల్లో ధనుర్వాతం, కోరింత దగ్గు, నిమ్ము వంటి జబ్బులను ఆపే శక్తి మిగతా బిడ్డల్లో కంటే తక్కువగా ఉంది.

తర్వాత ఏం జరిగిందో వినండి. అదే బిడ్డలకు అందరికీ వేసినట్టే టీకాలు వేశారు. కొన్ని నెలలకు మళ్లీ రక్తం చూశారు. ఆ బిడ్డలు మిగతావాళ్లతో సమానంగా ఉన్నారు. కోరింత దగ్గు విషయంలో మిగతావాళ్లకంటే ఎక్కువ శక్తి వచ్చింది. అంటే ఆ బిడ్డల సొంత కావలివాళ్లు బాగానే నేర్చుకున్నారు. తక్కువైంది తల్లి సాయం మాత్రమే.

ఆ తల్లి "బలహీనం కాబట్టి సూది వద్దు" అనుకుంటున్నది. మాట తిరగవెయ్యాలి. సాయం తక్కువగా వచ్చింది కాబట్టే సూది వేళకు పడాలి. మిగతా బిడ్డలకు నెల ఆలస్యమైనా తల్లి ఇచ్చిన కావలి కొంత ఉంటుంది. ఈ బిడ్డకు ఆ ధీమా లేదు.

నెలన్నర రోజు

బిడ్డకు హెచ్‌ఐవి సోకిందో లేదో ఎప్పుడు తెలుస్తుంది? పెద్దవాళ్లకు చేసే మామూలు పరీక్ష బిడ్డకు పనికిరాదు. ఎందుకంటే ఆ పరీక్ష పందిని చూడదు, కావలివాళ్లను చూస్తుంది. హెచ్‌ఐవి మీద పోరాడే తల్లి కావలివాళ్లు బిడ్డ ఒంట్లో ఏడాదిన్నర దాకా ఉండవచ్చు. వాళ్లను చూసి పరీక్ష "ఉంది" అంటుంది. బిడ్డకు నిజంగా ఉండకపోవచ్చు. ఇది తెలియక ఆశ వదులుకున్న తల్లులు ఉన్నారు.

అందుకని పసిబిడ్డకు వేరే పరీక్ష చేస్తారు. అది క్రిమినే వెతుకుతుంది. నెలన్నరకు, అంటే 6 వారాలకు, మడమ దగ్గర చిన్నగా గుచ్చి నాలుగైదు చుక్కల రక్తం ఒక అట్టకాగితం మీద తీస్తారు. ఆరబెట్టి పెద్ద ల్యాబుకు పంపుతారు. ఇది ఉచితం. తర్వాత ఆరో నెలలో, ఏడాదికి, పాలు మాన్పించాక కూడా పరీక్ష ఉంటుంది. ఏడాదిన్నరకు చేసే పరీక్షతో సంగతి తేలుతుంది. మొదటి పరీక్షలో "లేదు" అని వచ్చినా మిగతావి మానవద్దు. పాలు తాగుతున్నన్నాళ్లూ కనిపెట్టి ఉండాలి.

నెలన్నర రోజునే బిడ్డకు కోట్రిమాక్సజోల్ అనే సిరప్ మొదలుపెడతారు. అది ఒక రకం నిమ్ము రాకుండా కాస్తుంది. హెచ్‌ఐవి లేదని తేలేదాకా పొయ్యాలి. టీకాలకూ ఈ సిరప్‌కూ గొడవ లేదు. రెండూ కలిసి సాగుతాయి.

పాల సంగతి ఒక్క మాట. తల్లి మందు వేసుకుంటూ ఆరు నెలలు చనుబాలు మాత్రమే ఇవ్వాలి. చనుబాలతో పాటు డబ్బాపాలు, గంజి, తేనె కలిపి ఇవ్వవద్దు. కలిపి ఇస్తేనే ప్రమాదం ఎక్కువ.

ఏ టీకా ఎప్పుడు?

పుట్టగానే మూడు. బీసీజీ సూది, పోలియో చుక్కలు, కామెర్లు రాకుండా హెపటైటిస్ బి సూది. హెపటైటిస్ సూది 24 గంటల్లో పడాలి. ఆసుపత్రిలో కాన్పు అయితే ఇవన్నీ అక్కడే అయిపోతాయి.

నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు పెంటావాలెంట్ సూది. ఇది ఒక్క సూదిలో ఐదు జబ్బులకు అడ్డం. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, కామెర్లు, ఇంకా హిబ్ అనే క్రిమి వల్ల వచ్చే మెదడువాపు. దీంతో పాటు పోలియో చుక్కలు, విరేచనాలు తగ్గించే రోటా చుక్కలు. నెలన్నరకు, మూడున్నర నెలలకు పోలియో సూది, నిమ్ము రాకుండా పీసీవీ సూది కూడా ఉంటాయి. తొమ్మిది నెలలు నిండాక తట్టు–రుబెల్లా సూది, పీసీవీ, పోలియో సూది, విటమిన్ ఎ. ఏడాదిన్నరకు తట్టు–రుబెల్లా రెండోసారి, ఇంకో బూస్టరు. ఐదేళ్లు నిండాక మరొకటి.

తల్లికి హెచ్‌ఐవి ఉన్న బిడ్డకు కూడా ఇదే వరస. వేరే కార్డు లేదు, వేరే రోజు లేదు, వేరే క్యూ లేదు.

పెంటావాలెంట్, పీసీవీ, హెపటైటిస్, పోలియో సూది, ఇవన్నీ పంది తోలు చూపించే టీకాలు. వాటిలో బతికున్న క్రిమి లేదు. హెచ్‌ఐవి సోకిన బిడ్డకు కూడా వాటితో ఏ చింతా లేదు. కోరలు పీకిన బతికున్న క్రిములు ఉన్న టీకాల్లో మనం తెలుసుకోవాల్సినవి రెండు. బీసీజీ ఒకటి. తట్టు సూది ఒకటి.

బీసీజీ సూది

బీసీజీ టీబీకి అడ్డం. ముఖ్యంగా పసిపిల్లల మెదడుకు పట్టే టీబీని ఆపుతుంది. ఇది మన తెలుగు నేలకు కొత్త కాదు. మన దేశంలో 1948లో బీసీజీ మొదలైనప్పుడు తొలి చోట్లలో అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె ఉంది. అక్కడి ఆరోగ్యవరం టీబీ ఆసుపత్రి డాక్టర్లు ఊరూరా తిరిగి ఈ సూది ఎంత పనిచేస్తుందో చూశారు.

బీసీజీలో ఉన్నది బతికున్న క్రిమే. కానీ బలం తీసేసినది. కావలి ఉన్న చేలో అది ఏమీ చెయ్యలేదు. కావలి పూర్తిగా పోయిన చేలో అయితే కోరలు లేని పంది కూడా మొక్కలు తవ్వుతుంది. దక్షిణాఫ్రికాలో లెక్క చూశారు. హెచ్‌ఐవి నిజంగా సోకిన పసిపిల్లలకు బీసీజీ వేస్తే, సుమారు వందకు ఒకరిలో ఆ టీకా క్రిమే ఒళ్లంతా పాకింది. ప్రాణం మీదికి వచ్చే సంగతి అది. అందుకే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక హెచ్చరిక చేసింది. హెచ్‌ఐవి సోకిందని తేలిన బిడ్డకు బీసీజీ వెయ్యవద్దని చెప్పింది. 2018లో దాన్ని ఇంకొంచెం సవరించింది. అలాంటి బిడ్డకు ముందు ఎఆర్‌టి మందు మొదలుపెట్టాలి. బిడ్డ కోలుకుని కావలి బలపడ్డాక బీసీజీ వెయ్యవచ్చు.

మరి పుట్టినరోజున ఎవరికీ తెలియదు కదా, సోకిందో లేదో? నిజమే. పుట్టిన బిడ్డ బాగా పాలు తాగుతూ, జబ్బు లక్షణాలు లేకుండా ఉంటే బీసీజీ వేస్తారు. తల్లికి హెచ్‌ఐవి ఉన్నా సరే వేస్తారు. ఎందుకంటే ఆ బిడ్డల్లో చాలా చాలా మందికి సోకదు. మన దగ్గర టీబీ ఎక్కువ. తల్లికి హెచ్‌ఐవి ఉన్న ఇంట్లో టీబీ వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. టీకా వెయ్యకపోతే జరిగే నష్టమే పెద్దది.

ఇంట్లో కాన్పు అయిందనుకోండి. బీసీజీ వేయించలేదు. ఈలోపు నెలన్నర పరీక్షలో "ఉంది" అని వచ్చింది. అప్పుడు మాత్రం బీసీజీకి తొందరపడవద్దు. ఎఆర్‌టి కేంద్రం డాక్టరును అడిగాకే వేయించాలి. అడగాల్సిన సందర్భం అన్నాను కదా, అందులో మొదటిది ఇది.

ఒకవేళ ముందే బీసీజీ పడింది, తర్వాత సోకిందని తేలింది. అలా అయితే గాభరా వద్దు. చాలామంది బిడ్డలకు ఏమీ కాదు. కానీ ఎడమ చంక కింద గడ్డ పెరుగుతుంటే, చీము పడితే, జ్వరం వదలకుంటే, బిడ్డ బరువు పెరగకుంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. ఎఆర్‌టి మందు ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది.

తట్టు సూది

తట్టును మనలో కొందరు అమ్మవారు అంటారు. వేపాకు కట్టి, ఇంట్లోనే ఉంచుతారు. పేరు ఏదైనా అది ప్రాణం తీసే జబ్బు. తట్టు తగ్గాక నిమ్ము పట్టి, విరేచనాలు పట్టి పిల్లలు చనిపోతారు. హెచ్‌ఐవి ఉన్న పిల్లలకు అది మరీ ప్రమాదం.

తల్లికి హెచ్‌ఐవి ఉన్న బిడ్డకు తల్లి కావలి తొందరగా పోతుంది. తొమ్మిది నెలలు నిండకముందే తట్టు రావచ్చు. అందుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ అలాంటి బిడ్డకు ఆరో నెలలోనే ఒక తట్టు సూది అదనంగా వెయ్యవచ్చు అంటుంది. మన కార్డులో అది ఉండదు. మీ డాక్టరు చెబితే వేయించండి. వేయించినా తొమ్మిది నెలల సూది, ఏడాదిన్నర సూది మానకూడదు.

ఎవరికి ఆపాలి? హెచ్‌ఐవి సోకి, బాగా చిక్కిపోయి, కావలి కణాలు మరీ పడిపోయిన బిడ్డకు మాత్రమే ఆపుతారు. ఆ సంగతి రక్తపరీక్ష చూసి డాక్టరు చెబుతారు. అడగాల్సిన రెండో సందర్భం ఇది. హెచ్‌ఐవి సోకినా మందు పట్టి ఆడుకుంటున్న బిడ్డకు తట్టు సూది వెయ్యాల్సిందే. మందు బాగా పట్టాక కొందరికి మళ్లీ ఒకసారి వేస్తారు. జబ్బుతో ఉన్నప్పుడు నేర్చుకున్న పాఠం సగం మరచిపోయి ఉంటారు, అందుకు.

సూది పడ్డాక

టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోండి. పనులున్నాయని ఉరకవద్దు. ఎప్పుడో ఒకరికి వెంటనే ఒళ్లు వికటించవచ్చు. నర్సమ్మ దగ్గర దానికి మందు ఉంటుంది.

పెంటావాలెంట్ పడ్డాక ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు. తొడ వాయవచ్చు. బిడ్డ ఏడుస్తాడు. ఇది కావలివాళ్లు పాఠం నేర్చుకుంటున్న చప్పుడు. బీసీజీ వేసిన చోట రెండు మూడు వారాలకు పొక్కు లేస్తుంది. చితికి, చిన్న పుండై, మానిపోతుంది. మచ్చ మిగులుతుంది. పసుపు, సున్నం, ఆకుపసరు ఏమీ పెట్టవద్దు. హెచ్‌ఐవి వల్ల వచ్చిన పుండు అని భయపడవద్దు. చాలామంది పిల్లలకు అలాగే అవుతుంది.

జ్వరానికి నర్సమ్మ పారాసిటమాల్ ఇస్తుంది. ఇక్కడ ఒక విషాదం చెప్పాలి. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో పిల్లలకు పెంటావాలెంట్ టీకా వేశారు. జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వాల్సింది పోయి ట్రామడాల్ అనే బిళ్లలు ఇచ్చారు. అది గట్టి నొప్పుల మందు. పసిపిల్లలకు ఇవ్వకూడదు. ఎందరో పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. మొదట "టీకా చంపింది" అని గోల లేచింది. టీకా కాదు, బిళ్ల.

బిళ్లల అట్ట మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. మనలో చాలామందికి ఇంకా అది రాదు. అయినా దారి ఉంది. "ఇదేం మందు, నర్సమ్మా? పేరు చదివి చెప్పు. ఎంత ఇవ్వాలి? సగమా, పావా?" అని అడగండి. ఆమె చెప్పిన పేరు, లెక్క మీ చేత్తో తెలుగులో కార్డు వెనక రాసుకోండి. పారాసిటమాల్. ఈ పేరు ఇప్పుడే ఒకసారి గట్టిగా చదవండి.

బిడ్డ మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడ్చినా, మూర్ఛ వచ్చినా, పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా, ఊపిరి కష్టమైనా ఇంట్లో ఉంచవద్దు. 108కి ఫోన్ చెయ్యండి.

మన జిల్లాలో జరిగింది

"ఆ రోజుల్లో ఆడపిల్లలకు వేసిన సూది సంగతి మరిచిపోయామా?" అని ఇక్కడి పెద్దవాళ్లు అడుగుతారు. అడగడం న్యాయమే. అందుకే ఆ సంగతి దాచకుండా చెబుతాను.

2009 జూలైలో, అప్పటి మన ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఒక కొత్త టీకా వేశారు. దాని పేరు హెచ్‌పీవీ టీకా. గర్భసంచి ముఖద్వారం క్యాన్సరును ఆపడానికి వేసేది. సుమారు 14 వేల మందికి వేశారు. చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ పని ఆపేసింది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆ చావులకు టీకా కారణమని తేలలేదని చెప్పింది. కానీ అసలు తప్పు వేరే చోట ఉంది. తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాల్సిన కాగితాల మీద చాలా చోట్ల హాస్టలు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. వేలిముద్ర వేసిన తల్లిదండ్రుల్లో చాలామందికి ఆ కాగితంలో ఏముందో తెలియదు. 2013లో పార్లమెంటు సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఇందులో మనం విడదీసి చూడాల్సింది ఉంది. హెచ్‌పీవీ సూది ఆనాడు ఇక్కడ కొత్తది. దాన్ని ఎలా వెయ్యాలో చూడటానికి మన పిల్లలను ఎంచుకున్నారు. మనల్ని సరిగా అడగలేదు. పసిబిడ్డల కార్డు మీద ఉన్న టీకాలు అలాంటివి కావు. దేశమంతా కోట్ల మంది పిల్లలకు వేస్తున్నవి. పట్నంలో కలెక్టరు బిడ్డకు వేసేవీ ఇవే. పోలియో చుక్కల వల్లే మన దేశంలో సహజంగా వ్యాపించే పోలియో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. ఆ తర్వాత లేదు.

నా ఉద్దేశం చెబుతాను. కోపం న్యాయమైనది. కానీ ఆ కోపం బిడ్డ టీకా మీద చూపిస్తే నష్టపోయేది బిడ్డే. కాగితం మీద చూపించాలి. "ఏం రాసి ఉంది? చదివి చెప్పు. నేను కూడా చదువుతాను" అని అడగాలి. ఇప్పుడు మీరు చదవగలరు.

చెబితే బయటపడుతుందా?

ఇక రెండో భయం. సబ్‌సెంటరు దగ్గర పదిమంది ఉంటారు. చాపరాలపల్లిలో దగ్గితే పూసుగూడెంలో వినబడే లోకం మనది.

2017లో పార్లమెంటు హెచ్‌ఐవి చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. ఒకరి అనుమతి లేకుండా హెచ్‌ఐవి పరీక్ష చెయ్యకూడదు. ఒకరికి ఉందని మరొకరికి చెప్పకూడదు. హెచ్‌ఐవి ఉందని ఆసుపత్రిలో వైద్యం నిరాకరించకూడదు. బడిలో బిడ్డను వద్దనకూడదు. అంగన్‌వాడీలో వేరే కూర్చోబెట్టకూడదు. నర్సమ్మ అయినా, ఆశా కార్యకర్త అయినా, టీచరు అయినా ఈ చట్టం కిందికి వస్తారు. నేను కూడా వస్తాను.

అయినా చట్టం ఒక్కటే చాలదని నాకు తెలుసు. కాబట్టి ఇలా చెయ్యండి. ఊరందరికీ చెప్పనక్కర్లేదు. కాన్పు చేసే డాక్టరుకు, ఎఆర్‌టి కేంద్రంలో డాక్టరుకు, కౌన్సెలరుకు చెబితే చాలు. బీసీజీ, తట్టు సూదుల సంగతి వాళ్లతోనే మాట్లాడుకోవాలి. మిగతా టీకాలకు సబ్‌సెంటరులో ఎవరికీ ఏమీ చెప్పే పని లేదు. అందరితో పాటు వరసలో కూర్చుంటే సరిపోతుంది. సందేహం ఉంటే 1097కి ఫోన్ చెయ్యండి. పైసా ఖర్చు లేదు. పేరు చెప్పనక్కర్లేదు.

పక్కింటి వాళ్లకు ఒక భయం ఉంటుంది. "ఆ బిడ్డకు పొడిచిన సూదే నా బిడ్డకు పొడుస్తారేమో!" అలా జరగదు. టీకాలకు వాడే సిరంజి ఒకసారి నొక్కితే బిగుసుకుపోతుంది. రెండోసారి మందు ఎక్కదు. ప్రతి బిడ్డకూ కొత్త సూది. మీ కళ్ల ముందే ప్యాకెట్టు చించమనండి. పక్కపక్కన కూర్చుంటే, బిడ్డను ఎత్తుకుంటే, ముద్దు పెట్టుకుంటే హెచ్‌ఐవి రాదు.

రాత్రి బడిలో అడిగిన ప్రశ్నలు

"టీచరమ్మా, మేము మిరపకాయలు ఏరడానికి రెండు నెలలు పోతాం. టీకా వేళకు ఊళ్లో ఉండం. ఎట్లా?"

కార్డు బట్టల మూటలో పెట్టుకుపోండి అక్కా. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి సబ్‌సెంటరులో వేస్తారు. మన రాష్ట్రమే కానక్కర్లేదు. ఎఆర్‌టి మందు వేసుకునే తల్లి అయితే పోయే ముందే రెండు నెలలకు సరిపడా మందు అడిగి తెచ్చుకోవాలి.

"తునికాకు కోత రోజుల్లో ఒక సూది తప్పిపోయింది. మొదటి నుంచి మళ్లీ వేయించాలా?"

అక్కర్లేదు వదినా. ఆగిన దగ్గర నుంచి వేస్తారు. వేసినవి లెక్కలోనే ఉంటాయి. వచ్చే బుధవారమే పోండి.

"బిడ్డకు జలుబు ఉంది. వేయించొచ్చా?"

చిన్న జలుబు, కొద్దిపాటి వేడి ఉంటే వేయించవచ్చు. గట్టి జ్వరం ఉండి బిడ్డ సోలిపోతే ముందు వైద్యం. తగ్గగానే టీకా.

"కార్డు ఎలుకలు కొరికేశాయి. ఇప్పుడు వేస్తారా?"

వేస్తారు పిన్నీ. నర్సమ్మ రిజిస్టరులో బిడ్డ పేరు, వేసిన తేదీలు ఉంటాయి. కొత్త కార్డు రాయించుకోండి. రాసేటప్పుడు పక్కనే నిలబడి తేదీలు ఒక్కొక్కటీ చదువుకోండి.